విమానం దిగాక అసలు కథ: పైలట్ రాజకీయ నాయకుడు ఎప్పుడవుతాడు?

ఈసారి ఎపిసోడ్ బాగా లేటయింది, సారీ. దీన్ని ఇప్పటికే రెండుసార్లు రికార్డు చేసి డిలీట్ చేశాను. ఎందుకు డిలీట్ చేశానో మధ్యలో మీకే అర్థమవుతుంది. ఇది మూడోసారి. ఎలా వస్తే అలా పెట్టేస్తాను.

మీలో చాలామంది 'ఆకాశం నీ హద్దురా' చూసే ఉంటారు. సూర్య హీరో, సుధా కొంగర డైరెక్టర్, 2020లో నేరుగా ఓటీటీలో వచ్చింది. సామాన్యుణ్ణి విమానం ఎక్కించాలని ఒక మొండి మనిషి పడే తిప్పలు. ఆ కథకు ఆధారం కెప్టెన్ గోపీనాథ్. ఆర్మీలో పనిచేసి, బయటికొచ్చి కర్ణాటకలో హాసన్ జిల్లాలో వ్యవసాయం చేసి, ఆ తర్వాత 2003లో ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టారు. సినిమా అక్కడితో అయిపోతుంది. మనం కళ్ళు తుడుచుకుని ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి పడుకున్నాం.

సినిమాలో లేని సీన్ ఒకటుంది. 2009లో ఆయన బెంగళూరు సౌత్ నుంచి లోక్‌సభకు ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. ఓడిపోయారు. కొద్దిలో ఓడిపోవడం కూడా కాదు, గెలిచినవాళ్ళ దరిదాపుల్లో లేరు. చూడండి, ఎంతోమందిని జీవితంలో మొదటిసారి విమానం ఎక్కించిన మనిషి. టికెట్ కొనమంటే జనం కొన్నారు. ఓటు వెయ్యమంటే మాత్రం వెయ్యలేదు. ఎందుకు?

నేను ఈ ప్రశ్న వెనకాల పడటానికి కారణం గోపీనాథ్ గారు కాదు. మా ఊళ్ళో నా దోస్తు ఒకడు.

మాది కోదాడ వైపు ఒక ఊరు. మావాడి పేరు చెప్పను. ఈ ఎపిసోడ్ చేస్తానని అడిగితే "పేరు చెప్పకు, మిగతాది నీ ఇష్టం" అన్నాడు. వాడికి ఇప్పుడు 24. పైలట్. నిజంగా పైలట్, డ్రోన్ కాదు. ఇంటర్ ఎంపీసీ చేశాడు, ఇంటి పక్కనున్న ఎకరంన్నర అమ్మారు, పైన బ్యాంకు లోను, ఫ్లయింగ్ స్కూల్లో చేరాడు. కమర్షియల్ పైలట్ లైసెన్సు అంటే మాటలు కాదు. 200 గంటలు గాల్లో తిరగాలి. ప్రతి గంటా లాగ్ బుక్కులో రాయాలి. నావిగేషన్, వాతావరణం, రూల్సు, ఇంజను, రేడియో, ఒక్కోదానికి ఒక్కో పరీక్ష. కళ్ళు, చెవులు, గుండె, అన్నిటికీ మెడికల్. అన్నీ పాసయ్యాడు. లైసెన్సు చేతికొచ్చింది. ఉద్యోగం మాత్రం రాలేదు. ఫలానా రకం పెద్ద విమానం నడపడానికి వేరే ట్రైనింగ్ కావాలి, దానికి మళ్ళీ లక్షలు. ఇంటికొచ్చాడు. ఊళ్ళో అందరూ వాణ్ణి "పైలట్" అనే పిలుస్తారు. కొంతమంది ప్రేమగా, కొంతమంది వెటకారంగా.

మొన్న పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు వీడు సర్పంచ్‌కి నామినేషన్ వేశాడు.

ఎమ్మెల్యేకి నిలబడాలంటే 25 ఏళ్ళు నిండాలి కాబట్టి దానికి వీడు పనికిరాడు. సర్పంచ్‌కి 21 చాలు. చదువు అక్కర్లేదు, పరీక్ష లేదు, మెడికల్ లేదు, లాగ్ బుక్ అడిగేవాడు లేడు. ఆటో నడపాలన్నా లైసెన్సు చూపించాలి కదా. ఊరు నడపడానికి ఏమీ అక్కర్లేదు. ఇది తప్పు అని నేను అనట్లేదు, ప్రజాస్వామ్యంలో అలాగే ఉండాలి. లైసెన్సు ఇచ్చే ఆఫీసరు ఉంటే, ఆ ఆఫీసరుకి లైసెన్సు ఎవరిస్తారు?

నామినేషన్ వేసిన సాయంత్రం బొడ్రాయి దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన అన్నమాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "విమానం నడిపెటోడికి సైడు కాల్వ సంగతి ఏం తెలుస్తదిరా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ సైడు కాల్వ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు మిమ్మల్ని ఒక 44 ఏళ్ళు వెనక్కి తీసుకెళ్తాను. 1982 ఫిబ్రవరి, హైదరాబాద్, బేగంపేట ఎయిర్‌పోర్టు. శంషాబాద్ 2008లో వచ్చింది, అంతకుముందు విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. ఆరోజు దిగింది రాజీవ్ గాంధీ. అప్పటికి ఆయన ప్రధాని కాదు, రాజకీయాల్లోకి వచ్చి గట్టిగా సంవత్సరం కూడా కాలేదు. అంతకుముందు ఏం చేసేవాడు? ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్. ఆవ్రో విమానాలు నడిపేవాడు. తమ్ముడు సంజయ్ 1980 జూన్‌లో ఢిల్లీలో విమానం కూలి చనిపోయాడు. (ఆ విమానం నడిపింది కూడా సంజయే.) ఆ తర్వాత అమ్మకి తోడుగా ఈయన రావాల్సి వచ్చింది. 1981లో అమేథీ ఉప ఎన్నికలో గెలిచి ఎంపీ అయ్యాడు.

అప్పటి మన ముఖ్యమంత్రి టి. అంజయ్య గారు. ఆయనది పూర్తిగా వేరే కథ. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా మొదలై, యూనియన్ నాయకుడై, కింద నుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కి ముఖ్యమంత్రి అయిన మనిషి. ఆయనకి తెలిసిన మర్యాద ఏంటి? ఇంటికి పెద్ద మనిషి వస్తుంటే డప్పులు, దండలు, జనం. ఎంతమంది వస్తే అంత గౌరవం. అందుకే ఎయిర్‌పోర్టుకి భారీగా జనాన్ని తెచ్చాడు.

రాజీవ్ గాంధీ విమానం దిగి ఈ హడావుడి చూసి కోపం తెచ్చుకున్నాడు. అందరి ముందూ ముఖ్యమంత్రిని గట్టిగా తిట్టాడు. అంజయ్య గారు కన్నీళ్ళు పెట్టుకున్నారని అప్పట్లో రాశారు. ఆ నెల తిరగకుండానే ఆయన పదవి కూడా పోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మనందరం ఈ కథ విన్నప్పుడు రాజీవ్‌ని తిడతాం, అది మామూలే. కానీ నేను దీన్ని మా పైలట్‌గాడికి చెప్పినప్పుడు వాడు వెంటనే ఏమన్నాడో తెలుసా? "రన్‌వే పక్కన అంతమంది ఎవడు రానిచ్చాడ్రా?" అన్నాడు. చూశారా! పైలట్ కళ్ళతో చూస్తే విమానం దగ్గర జనం గుంపు అంటే ప్రమాదం. ఇంజను ఉంది, ఇంధనం ఉంది, ఎగిరే దండ ముక్క ఇంజనులో పడినా నష్టమే. రాజీవ్ మనసులో ఆరోజు ఏముందో నేను చెప్పలేను. పైలట్ ట్రైనింగ్ ఉన్న మనిషికి మాత్రం ఆ సీన్ చూడగానే ఒళ్ళు మండుతుంది, అది సహజం. రూల్ ప్రకారం కోపం కరెక్టే అనుకుందాం. కానీ ఎదురుగా నిలబడ్డది గ్రౌండ్ స్టాఫ్ కాదు. ఒక రాష్ట్రం మొత్తానికి ముఖ్యమంత్రి. ఆయన చేతిలో దండ ఉంది. ఆయన వెనకాల ఆయన మనుషులున్నారు.

ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు. 1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు. "తెలుగువారి ఆత్మగౌరవం" అన్న మాట ఊరూరా తిరిగింది. తొమ్మిది నెలల్లో, 1983 జనవరి ఎన్నికల్లో ప్రభుత్వమే మారిపోయింది. దీనికి బేగంపేట ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. మాటిమాటికీ ముఖ్యమంత్రుల్ని మార్చడం, ఎన్టీఆర్ అనే మనిషి, ఇంకా చాలా ఉన్నాయి. కానీ ఆరోజు ఎయిర్‌పోర్టులో జరిగింది మాత్రం ప్రతి ఇంటికీ అర్థమయింది. పాలసీ వివరించి చెప్పాలి. అవమానానికి వివరణ అక్కర్లేదు కదా.

ఇదే మనిషి ఏడేళ్ళ తర్వాత ఏం చేశాడో చాలామందికి తెలీదు. 1989లో ప్రధానిగా, పంచాయతీలకి రాజ్యాంగంలో చోటు ఇవ్వాలని 64వ సవరణ బిల్లు తెచ్చాడు. లోక్‌సభలో పాసయింది, రాజ్యసభలో పడిపోయింది. 18 ఏళ్ళకే ఓటు అన్నది కూడా ఆయన టైములోనే వచ్చింది. అంతకుముందు 21. 1991లో ఆయన్ని చంపేశారు. పంచాయతీల పని పూర్తి చేసింది ఎవరు? మన పీవీ గారు. 73వ సవరణ, 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. అయిదేళ్ళకోసారి ఎన్నిక జరగాలి, ఎస్సీ ఎస్టీలకి జనాభాను బట్టి సీట్లు, ఆడవాళ్ళకి కనీసం మూడో వంతు, 21 ఏళ్ళకే పోటీ, ఇవన్నీ దాంట్లోవే. అంటే మా పైలట్‌గాడు 24 ఏళ్ళకే సర్పంచ్‌గా నిలబడగలిగాడంటే, దానికి మొదటి బిల్లు తెచ్చింది ఇంకో పైలట్. నాకైతే ఇది తెలిసినప్పుడు భలే అనిపించింది.

మూడో పైలట్ కూడా ఉన్నాడు ఈ పంచాయతీ కథలో. బిజూ పట్నాయక్. ఒడిశా. ఈయన గురించి నిజానికి ఒక ఎపిసోడ్ మొత్తం చెయ్యాలి, ఇవాళ కాదు. 1947లో ఇండోనేషియా మీద డచ్చివాళ్ళు దాడి చేసినప్పుడు, వాళ్ళని లెక్కచెయ్యకుండా డకోటా విమానం వేసుకుని జావా వెళ్ళి, అక్కడి నాయకుడు సుతాన్ షహ్రీర్‌ని బయటికి తీసుకొచ్చిన మనిషి. అంతకుముందు స్వాతంత్ర్య ఉద్యమంలో రహస్యంగా పనిచేసి జైలుకెళ్ళాడు. ఇంత సినిమా కథ ఉన్నా, 1990లో రెండోసారి ముఖ్యమంత్రి అయ్యాక ఆయన చేసిన పని మనకి ముఖ్యం. పంచాయతీల్లో ఆడవాళ్ళకి మూడో వంతు సీట్లు చట్టంలో పెట్టి, 1992లో ఎన్నికలు జరిపాడు. దేశం మొత్తానికి 73వ సవరణ రాకముందే. అందుకే ఆయన పుట్టినరోజు మార్చి 5ని చాలా ఏళ్ళు ఒడిశాలో పంచాయతీరాజ్ దినంగా జరిపారు. జావా సాహసం గొప్పదే. కానీ ఒక పల్లెలో తల మీద కొంగు కప్పుకున్న మనిషి వచ్చి పంచాయతీ ఆఫీసులో కుర్చీలో కూర్చోవడం ఉంది చూడండి, అది విమానం దింపినంత ఈజీ కాదు.

సరే, రాజేష్ పైలట్ గురించి చెప్పకపోతే మీరు నన్ను వదలరు. సచిన్ పైలట్ వాళ్ళ నాన్న. "పైలట్" వాళ్ళ ఇంటిపేరు అనుకుంటారు చాలామంది. కాదు. ఆయన అసలు పేరు రాజేశ్వర్ ప్రసాద్. ఢిల్లీకి దగ్గర్లో, యూపీలో ఒక పల్లె. చిన్నప్పుడు ఢిల్లీలో పెద్దపెద్ద బంగళాలకి పాలు పోసేవాడు. చదువుకుని ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు, 1971 యుద్ధంలో పాల్గొన్నాడు, స్క్వాడ్రన్ లీడర్ అయ్యాడు. ఉద్యోగం వదిలేసి 1980లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ నుంచి కాంగ్రెస్ టికెట్ మీద నిలబడ్డాడు. సొంత ఊరు కాదు, సొంత రాష్ట్రం కూడా కాదు. అక్కడ జనానికి ఢిల్లీ నుంచి ఎవరో పైలట్ వస్తున్నాడని మాత్రమే తెలుసు, రాజేశ్వర్ ప్రసాద్ అంటే ఎవరికీ తెలీదు. అందుకే పేరే రాజేష్ పైలట్ అని మార్చుకున్నాడని చెబుతారు. గెలిచాడు.

ఇక్కడ నాకు నచ్చేది పేరు మార్పు కాదు. పేరు మార్చుకుంటే ఒక్క ఎన్నిక గెలవొచ్చేమో. ఆ తర్వాత దౌసా నుంచి మళ్ళీ మళ్ళీ గెలిచాడు. కేంద్రంలో మంత్రి అయ్యాడు. 2000 జూన్‌లో యాక్సిడెంట్‌లో చనిపోయింది కూడా ఆ దౌసా దగ్గరే, రోడ్డు మీదే. యుద్ధంలో ఆకాశంలో ఏమీ కాలేదు. నియోజకవర్గం రోడ్డు మీద పోయాడు.

మా దగ్గరి మనిషి గురించి కూడా ఒక్క మాట. ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు. ఆయన పార్టీ మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు, ఇది దాని గురించి కాదు. మిగ్-21, మిగ్-23 నడిపిన ఫైటర్ పైలట్, తర్వాత రాష్ట్రపతి భవన్‌లో పనిచేశారు. 1994లో మా కోదాడలో మొదటిసారి నిలబడి ఓడిపోయారు. 1999లో అక్కడే గెలిచారు. విమానాల్లో గో అరౌండ్ అని ఒకటుంటుంది. దిగడానికి వస్తారు, ఏదో తేడా కొడుతుంది, మళ్ళీ పైకి లేచి ఒక రౌండ్ తిరిగి వస్తారు. మావాడు చెబుతాడు, గో అరౌండ్ చెయ్యడం సిగ్గు కాదు, చెయ్యకపోవడం పిచ్చి అని. 1994కీ 1999కీ మధ్య అయిదేళ్ళ రౌండ్ అన్నమాట. పెట్రోలు ఉండాలి అంతసేపు తిరగడానికి. అన్ని రకాల పెట్రోలూ అనుకోండి!

ఇక మా ఊరికి వద్దాం. సైడు కాల్వ.

మా ఊళ్ళో పై బజారు ఎత్తులో ఉంటది, మా బజారు పల్లం. వానాకాలం వస్తే పై బజారు నీళ్ళన్నీ మా వైపుకి జారి, ఇంకా కింద ఉన్న నాలుగిళ్ళలోకి పోతాయి. ఆ నాలుగిళ్ళలో ఒక ముసలామె ఒక్కతే ఉంటది. గట్టి వాన పడితే మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటది. పదేళ్ళుగా ఇదే. ప్రతి ఎన్నికలో కాల్వ తీయిస్తామంటారు. ఎవరూ తీయించలేదు. ఎందుకు తీయించలేదో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కాల్వ సూటిగా చెరువు దాకా పోవాలంటే మధ్యలో కొన్నిళ్ళ అరుగులు, ర్యాంపులు అడ్డం. రోడ్డు మీదకి జరిగి కట్టుకున్నవి.

అందులో అందరికంటే ఎక్కువ ముందుకొచ్చింది మాది.

నామినేషన్ల తర్వాత మావాడు టేపు పట్టుకుని ఊరంతా కొలిచాడు. పైలట్ కదా, కొలవకపోతే నిద్రపట్టదు. ఎత్తు ఎక్కడ, పల్లం ఎక్కడ, నీళ్ళు ఎటు పోతయ్, అన్నీ ఒక నోట్‌బుక్కులో గీశాడు. బాగా గీశాడు కూడా. ప్రచారానికి మా బజారుకి వచ్చినప్పుడు వెనకాల ఒక అరవై మంది ఉన్నారు. మా నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వీడు చిన్నప్పటి నుంచి మా ఇంట్లో అన్నం తిన్న పిల్లగాడు. మా నాన్నని బాబాయ్ అంటాడు. నోట్‌బుక్ తీసి, అందరూ వినేలా, "బాబాయ్, మీ ర్యాంపు రెండడుగుల మూడంగుళాలు రోడ్డు మీదకొచ్చింది. నేను గెలిస్తే మొదట తీసేది ఇదే. మా బాబాయిదే తీస్తే ఇంకెవరూ కాదనరు" అన్నాడు.

వాడి ఉద్దేశం మంచిదే. సొంతవాళ్ళతో మొదలుపెడతా అని చెప్పాడు. జనంలో కొందరు చప్పట్లు కూడా కొట్టారు. కానీ మా నాన్న మొహం నేను చూశాను. ఆయన ఏమీ అనలేదు. కండువా దులిపి లోపలికి పోయాడు. ఆ ర్యాంపు మా తాత పోయిన ఏడాది కట్టింది, మా నాయనమ్మని మంచం మీద ఆసుపత్రికి తీసుకపోవడానికి మెట్లు అడ్డమొస్తున్నయ్ అని. అది ఊళ్ళో అందరికీ గుర్తు లేకపోవచ్చు. మాకు గుర్తుంది.

అవతల నిలబడ్డాయన సాయంత్రం మా ఇంటికి వచ్చాడు, టీ తాగాడు. "ఎవరికీ నష్టం కాకుండా చూద్దాం లే అన్నా" అన్నాడు. కాల్వ అన్న మాటే ఎత్తలేదు. పదేళ్ళుగా వింటున్న మాటే అది. అయినా ఆరోజు మా ఇంట్లో ఆ మాట చల్లగా అనిపించింది.

నేను ఓటెయ్యడానికి హైదరాబాద్ నుంచి వెళ్ళాను. ముందు రోజు రాత్రి వాడికి ఫోన్ చేసి "నా ఓటు నీకేరా" అన్నాను. పొద్దున నాన్న, అమ్మ, అన్న, నేను కలిసి నడిచి వెళ్ళాం. లోపల బ్యాలెట్ పేపర్ మడిచేటప్పుడు కూడా అనుకున్నా, వాడికే వేద్దామని. ముద్ర మాత్రం వేరే గుర్తు మీద వేశాను.

వాడు 11 ఓట్లతో ఓడిపోయాడు.

చెప్పాను కదా రెండుసార్లు డిలీట్ చేశానని. మొదటి రెండుసార్లూ ఈ ముక్క లేకుండా రికార్డు చేశాను. పైలట్లు, ఎన్నికలు, రాజీవ్, బిజూ, అన్నీ చెప్పి, యువత రాజకీయాల్లోకి రావాలి అని ముగించాను. విని చూసుకుంటే సిగ్గేసింది. యువతలో ఒకడు వచ్చాడు కదా, నేనేం చేశాను?

బేగంపేట కథ నాకు కొత్తగా అర్థమయింది కూడా అప్పుడే. మావాడు చెప్పిన కొలత కరెక్టు. రెండడుగుల మూడంగుళాలు, అంగుళం తేడా లేదు. ముసలామె ఇంట్లోకి నీళ్ళు పోవడం అన్యాయం, అదీ కరెక్టే. కానీ అరవై మంది ముందర, అరుగు మీద కూర్చున్న మనిషికి చెప్పాడు. ఆయన చేతిలో దండ లేదు, అంతే తేడా. కాక్‌పిట్‌లో తప్పు ఎవరిదైనా అక్కడికక్కడ, గట్టిగా చెప్పాలి. అట్లా చెప్పకపోతే ప్రాణాలు పోతాయి, వాళ్ళకి అదే నేర్పుతారు. ఎవరికి ముందు రన్‌వే ఇవ్వాలో టవర్‌లో ఉన్నవాళ్ళు చెబుతారు, మిగతావాళ్ళు వింటారు. ఊళ్ళో టవర్ ఎక్కడుంది? ముసలామెదీ న్యాయమే, మా నాయనమ్మ ర్యాంపూ న్యాయమే. ఒకరికి కాదని చెప్పాలి. చెప్పి, మర్నాడు పొద్దున అదే బజార్లో ఇద్దరికీ ఎదురు పడాలి. నా దృష్టిలో రాజకీయ నాయకుడంటే ఈ పని చెయ్యగలిగినవాడు. కాదని చెప్పలేక "చూద్దాం లే" అనేవాడు గెలుస్తాడు, చాలాసార్లు గెలుస్తాడు, మా ఊళ్ళో గెలిచాడు. గెలిచినంత మాత్రాన ఆయన్ని నాయకుడు అనడానికి నాకు నోరు రావట్లేదు. అలాగని మావాణ్ణి కూడా ఎన్నికల రోజుకి అనలేను. వాడు అప్పటికి టేపు పట్టుకున్న పైలటే.

గోపీనాథ్ గారి ప్రశ్నకి కూడా నాకు దొరికిన సమాధానం ఇలాంటిదే. మీరు ఒప్పుకోకపోవచ్చు. టికెట్ అమ్మేటప్పుడు ఎవరికీ కాదని చెప్పక్కర్లేదు, డబ్బులు కట్టిన ప్రతివాడికీ సీటు. ఓటు అడిగేటప్పుడు మాత్రం జనం అడిగేది వేరు. "రేపు మా బజారుకీ పక్క బజారుకీ తగువొస్తే నువ్వు ఏ ఊళ్ళో ఉంటావు?" అని చూస్తారు.

ఓడిపోయిన మర్నాడు వాడు హైదరాబాద్ వెళ్ళిపోతాడనుకున్నారు అందరూ. వెళ్ళలేదు. నాలుగోరోజు మా ఇంటికి వచ్చాడు, ఒక్కడే, నోట్‌బుక్ లేకుండా. నేను లేను, అమ్మ చెప్పింది. అరుగు మీద మా నాన్న పక్కన కూర్చున్నాడంట. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదంట. తర్వాత వాడే, "బాబాయ్, ర్యాంపు నాయనమ్మ కోసం కట్టిందని నాకు తెలీదు. అందరి ముందు అనకుండా ఉండాల్సింది" అన్నాడంట. అన్నాక, లేచేటప్పుడు, "కాల్వ మాత్రం ఇట్నుంచే పోవాలి బాబాయ్" అని కూడా అన్నాడంట. మా అమ్మ ఈ రెండో మాట చెప్పేటప్పుడు నవ్వింది. మా నాన్న నవ్వలేదు. టీ పెట్టమన్నాడు.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు నేను వాడికి నిజం చెప్పేశాను, ఓటు వెయ్యలేదని. చెరువు కట్ట మీద నడుస్తున్నాం. వాడు ఆగను కూడా ఆగలేదు. "తెలుసులేరా. మీ వార్డు లెక్క చూస్తే తెలవదా?" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. ముసలామె పెన్షన్ కాగితం ఏదో ఆగిపోయిందంట, కోదాడ ఆఫీసులో తెలిసినవాళ్ళున్నారా అని అడిగాడు. పదవి లేదు, ఏమీ లేదు, ఆమె వచ్చి వీడినే అడిగింది. గెలిచినాయన ఇల్లు ఆమెకి ఇంకా దగ్గర.

పోయినవారం మళ్ళీ ఫోన్ చేశాను, ఈ ఎపిసోడ్ గురించి అడగడానికి. ఒక ఎయిర్‌లైన్ పరీక్షకి పిలిచిందంట, వెళ్తున్నాడు. వెళ్ళాలి కూడా, బ్యాంకు లోను ఉంది కదా. ఉద్యోగం వస్తే మళ్ళీ నిలబడవా అన్నాను. "అప్పుడు చూద్దాం" అని, వెంటనే "ఛీ, 'చూద్దాం' అన్నానేంట్రా నేను కూడా" అని నవ్వాడు. పెట్టేసే ముందు అడిగాడు, "బాబాయ్ ఏమన్నా అంటున్నడా?"

అన్నాడు. మొన్న రాత్రి అన్నం తింటూ మా నాన్న ఫోన్లో అడిగాడు. "ఆ పిలగాడు ఎన్ని అడుగులన్నడురా? రెండా, రెండున్నరా?"

రెండడుగుల మూడంగుళాలు అని చెప్పాను. "ఊఁ" అన్నాడు.

సరే ఫ్రెండ్స్, ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో బిజూ పట్నాయక్ డకోటా కథ చెబుతాను, ప్రామిస్. ఉంటాను.